మామ కళ్ళు తాగిన వెలుగు

మొన్న చీర కొందామని గద్వాల పోయి, ఓ కొత్త హోటల్లో టీ కోసం ఆగాను. గుమ్మంలో పాత టాకీసు ప్రొజెక్టరుకు రంగులేసి నిలబెట్టారు. లోపల ఎల్‌ఈడీ దీపం, చుట్టూ సెల్ఫీలు. "అప్పట్ల గూడ గిట్లనే లోపట పెద్ద బల్బు పెడ్తుండిరి మేడం" అన్నాడు హోటలాయన. ఒళ్ళు మండిపోయింది. బల్బట, బల్బు! టీ అక్కడే వదిలేసి వచ్చేశాను.

బల్బు కాదు నాయనా, బొగ్గు. ఆ ఊళ్ళోనే ఒక టాకీసులో మా మేనమామ ఆపరేటరు. పెన్సిలంత లావు బొగ్గు కడ్డీలు రెండు ఎదురెదురుగా బిగించి, కరెంటు పెట్టి, మొనలు తాకించి కాస్త ఎడం జరిపితే ఆ సందులో కళ్ళు చెదిరే తెల్లటి మంట లేచేది. వెనకున్న అద్దం ఆ వెలుగును ఫిల్ము మీదికి తోసేది. కడ్డీలు కాలి అరిగేకొద్దీ సందు పెరిగి తెర మసకబారుతుంది. అందుకని మాటిమాటికీ లోపలికి చూసి, మర తిప్పి వాటిని దగ్గరికి జరపాలి. చూడటానికి పెట్టె తలుపుకు చిన్న నల్లద్దం ఉండేది. అది కాస్తా పగిలింది.

"సేటూ, నల్లద్దం జర తెప్పియ్యి, కండ్లు గుంజుతున్నయి" అని మామ టాకీసు యజమాని దగ్గర ఎన్నిసార్లు మొత్తుకున్నాడో. "ఏంది, రాజుగారి కండ్లా నీయి?" అన్నాడట ఆ పెద్దమనిషి. వాడి నోట్లో మన్ను పడ! మామ తానే ఒక గాజుముక్కకు లాంతరు మసి పట్టించి బిగించుకున్నాడు. ఆ వేడికి మసి నిలుస్తుందా? రాలిపోయేది. "కండ్లల్ల ఇసుక పోసినట్టున్నదే" అని ఇంటికొస్తే, మా అమ్మమ్మ వేడి చేసిందని నెత్తికి ఆముదం పెట్టేది. ఆముదం!

చివరికి చూపు నడిమధ్యన మచ్చ పడింది. ఆపరేటరు పని పోయింది. ఇంట్లో మగ్గం ఉంది కదా అని కూర్చున్నాడు. గద్వాల చీరకు నూలు ఒంటినీ పట్టు అంచునూ పోగుకు పోగు మెలేసి కలపాలి. ఆ కలిపేచోటే మామకు కనబడలేదు. చిన్ననాటి నుంచీ తెలిసిన పని, చేతుల్లోనే ఉండి కూడా అందలేదు.

సేటునొక్కడినే తిట్టి ఊరుకుంటే అబద్ధమవుతుంది. తెర కాస్త మసకబారితే చాలు, "ఆపరేటర్, పండినవా?" అని హాలంతా బెంచీలు బాదేవాళ్ళం. ఆడవాళ్ళ వైపు నుంచి నా గొంతే పెద్దది. మామ పోయే ముందు, నా అరుపు పైన ప్రొజెక్టరు గదిలోకి వినబడేదా అని అడిగాను.

"ఎందుకినరాదు కోడలుపిల్లా? నీ గొంతు ఇనంగనే పెట్టె తలుపు తీసి, ఉత్త కండ్లతోనే జూసి సరిజేస్తుంటి" అని నవ్వాడు.

ఏళ్ళు గడిచేకొద్దీ సేటు ముఖం మరుపున పడుతోంది గానీ, నా అరుపు మాత్రం ఏటికేడు పెద్దగా వినబడుతోంది.