నగరం పసరు, బాపట్ల సిస్టరు

అరవై తొమ్మిది వేసవిలో ఒక ఉదయం రేపల్లెలో మా ఇంట్లో కాఫీ అందిస్తూ, "ఈ వాసనకే వికారంగా ఉందండి," అంది మా ఆవిడ సుశీల. వెలుగులో చూస్తే కళ్ళు పచ్చగా ఉన్నాయి.

మా అత్తగారు ఆ రోజే కూతుర్ని పక్కనే ఉన్న నగరం అనే ఊరికి తీసుకెళ్ళి కామెర్ల పసరు తాగించారు. ఇచ్చినాయన డబ్బు తీసుకోలేదు. ఉప్పు లేని మజ్జిగన్నమే పథ్యం. నయమయ్యేదాకా మందు సంగతి ఎవరికీ చెప్పకూడదు, చెబితే పనిచేయదు. పసరు తాగిన వేళ, వాంతులు, విరేచనాలు అన్నీ నేను డైరీలో రాశాను.

తొమ్మిదో రోజు సుశీల నా వంక చూసి, "మీరెవరండి?" అంది. రైల్లో తెనాలి మీదుగా బాపట్లలో మిషన్ ఆసుపత్రికి చేర్చాం.

"రక్తంలో కామెర్ల బిలిరుబిన్ ఎక్కువే. కానీ ఈ మత్తే అర్థం కావట్లేదు. నాటుమందేమన్నా వాడారా?" అన్నారు డాక్టరు.

"లేదండి," అన్నారు అత్తగారు. డైరీ నా సంచిలోనే ఉంది. నేనూ నోరు విప్పలేదు. గ్లూకోజ్ ఎక్కించారు. మర్నాటికి మత్తు ఇంకా పెరిగింది.

అక్కడ ఐర్లండ్ నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్న నర్సు సిస్టరు ఉండేవారు. సుశీలకి ఒళ్ళు తుడుస్తూ అత్తగారితో మాట కలిపారు.

"మా ఊళ్ళో దగ్గొస్తే ఉల్లిపాయ పాలల్లో ఉడికించి ఇచ్చేవాళ్ళమ్మా. చెవిపోటుకి వేడి ఉప్పు మూట."

"తెల్లవాళ్ళకీ ఇవన్నీ ఉన్నాయేంటమ్మా, చోద్యం!"

"మాకూ అమ్మమ్మలున్నారు కదమ్మా. కామెర్లకైతే ఒకాయన మందిచ్చేవాడు. డబ్బివ్వకూడదు, థాంక్స్ కూడా చెప్పకూడదు. చెబితే పనిచెయ్యదంట."

అత్తగారు కూతురి దుప్పటి సర్దారు. తర్వాత, "మా నగరం ఆయనా అంతేనమ్మా," అని ఏడ్చేశారు. "ఇప్పుడు చెప్పేశాను. నా పిల్లకేమన్నా అయితే..."

"మంచి పని చేశావమ్మా. ఇలాంటి మందుకి ఉప్పు మానిపిస్తారుగా, ఉప్పు తిని ఎన్నాళ్ళయింది?"

నేను డైరీ తీసి సిస్టరు చేతిలో పెట్టాను. ఆవిడ వెంటనే డాక్టర్ని పిలిచారు.

డాక్టరు పేజీలు తిప్పి, "ఒంట్లో ఉప్పు పడిపోయిందండీ. ఉప్పు నీళ్ళ సెలైన్ పెడదాం. ఇది నిన్ననే చూపించాల్సింది," అన్నారు నాతో. అత్తగారిని మాత్రం ఏమీ అనలేదు.

రెండో రోజు సుశీల నన్ను గుర్తుపట్టి, "గడ్డం గీసుకోలేదేంటండి?" అంది. మధ్యలో జ్వరం తిరగబెట్టి మరో పది రోజులు అక్కడే ఉంచారు. పూర్తిగా కోలుకునేసరికి వానలు మొదలయ్యాయి.

ఇప్పుడు తెనాలిలో ఉంటున్నాం. ఇది రాస్తుంటే సుశీల పక్కన కూర్చుని చిక్కుళ్ళకి ఈనెలు తీస్తోంది.

నేను చెప్పగలిగింది ఒక్కటే. రోగి ఏం మింగిందీ, ఏం మానేసిందీ డాక్టరుకి మొదటి రోజే చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళు దాస్తున్నారనిపిస్తే కోప్పడకండి. పక్కన కూర్చుని అడగండి.