టేపు పిన్ని విప్పిన పార్సిలు

పాతికేళ్లుగా మెడలో పచ్చ టేపు లేకుండా ఆవిడను చూసినవాళ్లు లేరు. పడుకునేటప్పుడైనా తీస్తుందో లేదో బస్సు డ్రైవరైన ఆ మొగుడికే తెలియాలి. సొంత పేరుతో పిలిచేవాళ్లు ఎప్పుడో తగ్గిపోయారు, సందు మొత్తానికి ఆవిడ టేపు పిన్ని. మేడమెట్ల కింద ఓ గది, కుట్టుమిషను ఒకటి, గుడ్డ అంచులు పోగులూడకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను ఒకటి, నిలువుటద్దం, దాని పక్కన బట్టలు మార్చుకోడానికి కట్టిన పూల తెర. అంతే దుకాణం. నోరు మాత్రం నాలుగు దుకాణాలకు సరిపోతుంది.

మూడేళ్ల కిందట ఆడవాళ్లంతా ఫోన్లలో బట్టలు కొనడం మొదలుపెట్టినప్పుడు పిన్ని పెట్టిన శాపనార్థాలు ఇన్నీ అన్నీ కావు. "తాకి చూడకుండా, ఒంటికి పెట్టుకోకుండా గుడ్డ కొంటారుటమ్మా! రేపు మొగుణ్ణి కూడా ఫొటో చూసి తెప్పించుకుంటారు!" అని వచ్చేపోయేవాళ్లందరి దగ్గరా నోరు పారేసుకుంది. ఆ నెలలో మిషను మీద దుమ్ము పేరుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ దుమ్ము చూసుకుని ఓ మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి ఏడ్చింది కూడా.

అలాంటి రోజుల్లో ఎదురింటి నర్సు ఓ కవరు చంకలో పెట్టుకుని దొంగచాటుగా వచ్చింది. లోపల నీలంరంగు ప్యాంటు. "ఫొటోలో పిల్లకి భలే ఉంది పిన్నీ. నాకేమో మోకాళ్ల దగ్గరే ఆగిపోయింది" అంది, నవ్వాలో ఏడవాలో తెలియని మొహంతో. పిన్ని పక్క కుట్లు విప్పి, లోపల మడిచిన గుడ్డ వదిలి, సాయంత్రానికల్లా ఆ ప్యాంటును నర్సుకు ఎక్కించింది. మర్నాడు ఆసుపత్రి నుంచి నలుగురొచ్చారు, నలుగురి చంకల్లోనూ నాలుగు కవర్లు.

ఇక అక్కడి నుంచి కథే మారిపోయింది. ఇంటికి పార్సిలు వస్తే అత్తగారొకటంటుంది, ఆడపడుచు ఇంకోటంటుంది, పక్కింటావిడ ఎంతకు కొన్నావంటుంది. ఆఫీసుకు తెప్పించుకుంటే అక్కడా అదే గోల. దాంతో ఆడవాళ్లందరూ పిన్ని దుకాణం చిరునామా ఇవ్వడం మొదలుపెట్టారు. రోజుకు పదీ పన్నెండు దిగేవి. దిగిన వెంటనే విప్పే హక్కు పిన్నిదే. కవరు చిరగకుండా, ఇస్త్రీపెట్టె వేడి తగిలించి అంటును మెత్తబరిచి, సన్న కత్తెర మొనతో విప్పేది. తిప్పి పంపాల్సి వచ్చి మళ్లీ అంటిస్తే, కంపెనీవాడి తాతకు కూడా తెలియదు. కొన్నావిడ వచ్చేలోగా పిన్ని సరుకును వెలుతురుకు పెట్టి చూసి, కుట్లు లాగి చూసి, కవరు మీద సుద్దతో తీర్పు రాసేసేది. 'ఉంచుకో', 'పంపెయ్', 'నా దగ్గర వదిలెయ్'.

తిట్టిన నోటితోనే మెచ్చుకోవడం కూడా నేర్చుకుంది. పిన్నీసుల్లేకుండా అయస్కాంతంతో అతుక్కునే స్కార్ఫు వచ్చినరోజు పది నిమిషాలు దాన్ని అతికించి, ఊడదీసి, చిన్నపిల్లలా ఆడుకుంది. మడిస్తే అరచేతిలో ఇమిడిపోయే వానకోటు, మడమ కరవని బూటు, లోపల మూడు అరలున్న సంచీ, ఏది కొత్తగా బజారులోకొచ్చినా ముందు చూసేది పిన్నే. కొనేది మాత్రం ఎప్పుడూ లేదు. తన ఒంటిమీద ఎప్పుడూ కస్టమర్ల దగ్గర మిగిలిన ముక్కలతో కుట్టిన గౌనే. ముందువైపు చుక్కలు, వెనకవైపు గీతలు. "ముందు చూసినవాళ్లు వెనక చూడరు, వెనక చూసినవాళ్లు ముందు చూడరు, ఎవరికి తెలుస్తుందే?" అనేది.

పిన్నికి ఒక్కటే రోగం. అడక్కుండా సరిచేస్తుంది. సందులో ఆడవాళ్లందరి కొలతలూ ఆవిడకు నోటికి వచ్చు. ఎవరు ఈ నెల కాస్త చిక్కారో, ఎవరు చిక్కామని చెప్పుకుంటున్నారో కూడా తెలుసు. అందుకని చాలాసార్లు పార్సిలు విప్పడం, లోపం పట్టుకోవడం, మిషనెక్కించడం, అన్నీ కొన్నావిడ మొహం చూడకుండానే అయిపోయేవి. ఒకసారి నర్సు, "అది వదులుగా ఉండాల్సిన ఫ్యాషను పిన్నీ! దాన్ని బిగించేశారేంటి?" అని లబోదిబోమంది. "వదులుగా ఉండేది ఫ్యాషనేమిటే, బద్ధకం" అని కొట్టిపారేసింది.

అలాంటి పిన్నికి కూతురి పెళ్లి కుదిరింది. ఒక్కగానొక్క కూతురు, కళ్లద్దాల షాపులో చూపు పరీక్ష చేసే ఉద్యోగం. రిజిస్టరు ఆఫీసులో సంతకాల పెళ్లి చాలు, హంగులొద్దు అంది పిల్ల. సరేనంది తల్లి. కానీ ఒక్క మాట ముందే చెప్పింది. "పెళ్లిబట్టలు మాత్రం నేనే కుట్టాలి." పిల్ల పుట్టినప్పటి నుంచి ఆ బట్టలు ఎలా కుట్టాలో పిన్ని తలలో గీసుకుంటూనే ఉంది. ఊరందరి పిల్లలకూ కుట్టింది. తన పిల్లకు కుట్టకపోతే ఈ చేతులెందుకు?

పెళ్లింకా నెలుంది. ఇరవై రోజులుంది. తొమ్మిది రోజులకొచ్చింది. గుడ్డ మాత్రం రాలేదు. "గుడ్డేదే?" అంటే, "తెస్తాలే అమ్మా" అని తప్పించుకుంటోంది పిల్ల. పైగా ఎప్పుడు చూసినా ఫోను పట్టుకుని ఏవో బట్టల ఫొటోలు జరుపుతోంది, తల్లి దగ్గరికి రాగానే ఫోను బోర్లా తిప్పేస్తోంది. పిన్నికి లోపల కలుక్కుమంటూనే ఉంది కానీ పైకి అనలేదు.

ఆ మధ్యాహ్నం వచ్చిన ఏడు పార్సిళ్లలో నాలుగోది తిప్పి చూసింది. దాని మీద కూతురి పేరు.

ఎప్పటిలాగే ఇస్త్రీపెట్టె అంచు తగిలించి విప్పింది. ముదురాకుపచ్చ పొడుగు గౌను. మెత్తటి గుడ్డ, మెడ చుట్టూ సన్నటి అల్లిక, మణికట్టు దాకా చేతులు. బాగుంది. ఆ బాగుండడమే పిన్నికి ముల్లులా గుచ్చుకుంది. అంటే, పెళ్లిబట్టలు కొనేసుకుంది! తల్లి మెట్ల కింద మిషను పెట్టుకుని కూర్చుని ఉండగా, ఎక్కడో మొహం తెలియనివాడు కుట్టింది తెప్పించుకుంది! పిన్నికి తల కొట్టేసినట్టయింది. నర్సు వచ్చి ఏదో అడిగితే, "కళ్లు కనిపించట్లేదా, పనిలో ఉన్నాను" అని కసిరింది.

కసిరాక గౌనును అద్దం ముందు పట్టుకుని చూసింది. చూసి, ఎంత బాధలో ఉన్నా, ఫక్కున నవ్వింది. నడుము దగ్గర తన కూతురిలాంటి పిల్లలు ఇద్దరు పడతారు! "కొనుక్కున్నావుగా, అనుభవించు" అనుకుంది. అయినా మనసొప్పలేదు. కోపం కోపమే, పని పనే. పెళ్లినాడు తన పిల్ల గోతాంలో దూరినట్టు నిలబడితే నలుగురూ నవ్వేది ఎవరిని?

మొదలుపెట్టింది. రెండు పక్కలా మూడేసి అంగుళాలు లోపలికి పట్టి కుట్టింది. మామూలుగా అయితే మిగిలిన గుడ్డ లోపలే వదిలేస్తుంది, రేపు ఒళ్లొస్తే పనికొస్తుందని. ఇవాళ కచ్చకొద్దీ కత్తిరించి ఓవర్‌లాక్ చేసేసింది. తర్వాత చూస్తే రెండువైపులా లోతైన జేబులు. "పెళ్లికూతురికి జేబులేమిటి, టిక్కెట్లు కోస్తుందా?" అని వాటి మూతులు కుట్టేసింది. మణికట్టు దాకా ఉన్న చేతులు ముసలివాళ్లకు బాగుంటాయి గానీ పడుచుపిల్లకెందుకని మోచేతుల దాకా తెగ్గోసి, తెగిన ముక్కల్ని కూడా పీలికలు చేసింది. ఇస్త్రీ చేసి, మడతపెట్టి, కవరులో పెట్టి, మళ్లీ అంటించింది. పైన తీర్పేమీ రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదు.

సాయంత్రం ఆరుగంటలకు కూతురు ఉద్యోగం నుంచి నేరుగా దుకాణానికొచ్చింది. చేతిలో పెద్ద సంచి. వస్తూనే బల్ల మీది కవరు చూసి మొహం చాటంత చేసుకుంది.

"వచ్చేసిందా! అమ్మా, నువ్వు విప్పలేదు కదా?"

"ఎవరి పార్సిలు వాళ్లే విప్పుకోవాలి. నాకేం పని?" అంది పిన్ని, ముక్కలు సర్దుతూ.

"అయితే తెర వెనక్కి నడువు. వేసుకుని రా."

పిన్ని చేతిలోని ముక్కలు చేతిలోనే ఉండిపోయాయి. "ఎవరు?"

"నువ్వే. ఇది నీకు. నా పేరుతో తెప్పించా, నీ పేరైతే చూసి వెంటనే 'పంపెయ్' అని రాసేస్తావని." పిల్ల గబగబా చెప్పుకుపోతోంది. "ఇది వేసుకుంటానని నువ్వు ఒప్పుకుంటేనే నా పెళ్లిగుడ్డ ఇస్తా. ఇదిగో, సంచిలో ఉంది, ఏడు మీటర్లు. నెల కిందటే కొన్నా. ముందే ఇచ్చేస్తే నాది కుట్టి, నాకు టైము లేకపోయిందే అంటూ నువ్వు ఆ చుక్కలూ గీతల్లోనే వచ్చేస్తావ్. నాకు తెలియదా?"

కొంప మునిగిందని పిన్నికి అర్థమైంది.

"మూడు నెలలు వెతికానమ్మా. జేబులున్నవే కావాలనుకున్నా, నీకు సుద్దముక్కా దారాల కత్తెరా పెట్టుకోడానికి చోటుండదు కదా. చేతులేమో మణికట్టు దాకా ఉండాలి. ఆ ఇస్త్రీ కాలిన మచ్చలు కనపడతాయని నువ్వు ఏ ఫొటోలోనూ చేతులు ముందుకు పెట్టవు. కొన్నవాళ్లు రాసినవన్నీ చదివా, వాళ్లు పెట్టిన ఫొటోలు పెద్దవి చేసి చూశా. నీ పాత గౌను దొంగతనంగా తీసుకెళ్లి, షాపులో బల్లమీద పరిచి, చుట్టుకొలత..."

"ఇంక ఆపవే!" అంది పిన్ని. కవరు తనే లాక్కుని, ఈసారి పరపరా చించి, గౌను తీసి బల్లమీద పడేసింది. "చూడు. మీ అమ్మ ఘనకార్యం చూడు!"

పిల్ల చూసింది. పొట్టయిపోయిన చేతులు చూసింది. జేబులో వేళ్లు పెట్టబోతే వెళ్లలేదు. పక్కలు తిప్పి చూసి, కత్తిరించిన చోట వేలు పెట్టి, "ఇది... నా సైజు కదా?" అంది.

"నీదే అనుకున్నా. నా చేతిబట్ట వద్దనుకున్నావేమో అనుకున్నా. కడుపు మండింది." పిన్ని స్టూలు మీద కూలబడి, మెడలోని టేపు కొసతోనే కళ్లొత్తుకుంది. "ఎవరూ నాకోసం ఇంత వెతకలేదే ఇన్నేళ్లలో. నా చేతులతో నేనే పాడుచేసుకున్నా!"

కూతురికి ముందు కోపమే వచ్చింది. మూడు నెలల కష్టం మరి. "అడగొచ్చు కదమ్మా? ఒక్క ఫోను చేసి అడగొచ్చు కదా?" అని అరిచింది. అరిచి, ఆ మూతి కుట్టేసిన జేబును ఇంకోసారి చూసి, ఎంత ఆపుకుందామన్నా ఆగక నవ్వేసింది. "జేబులేం చేశాయమ్మా నిన్ను?" తల్లి ఏడుస్తూనే ఉంది, కూతురు నవ్వుతూనే ఉంది. కవరు కోసం వచ్చిన స్కూలు టీచరు గుమ్మంలో ఓ క్షణం నిలబడి, రేపొస్తానని వెళ్లిపోయింది.

ఇంకొకటి తెప్పిద్దామని ఫోను తీశారు. సరుకైపోయిందని ఉంది. పిన్ని ముక్కు తుడుచుకుని గౌనును మళ్లీ తిరగేసింది. చేతిలోకి గుడ్డ వస్తే ఆవిడ ఏడుపు ఎక్కువసేపు నిలవదు. "పక్కలకు పట్టీలు వెయ్యొచ్చు. చేతులకు కూడా అదే గుడ్డతో అతుకు. కానీ దీనికి నప్పే గుడ్డ ఎక్కడ దొరుకుతుంది?"

పిల్ల సంచిలోంచి తన పెళ్లిగుడ్డ తీసి గౌను పక్కన పరిచింది. లేత గంధం రంగు. ఆకుపచ్చ పక్కన ఇమిడిపోయింది.

"నీకేమైనా పిచ్చా?" పిన్ని ఇంతెత్తున లేచింది. "ఏడు మీటర్లూ నీకే కావాలి. అందులోంచి తీస్తే నీ కింది కుచ్చుల ఘేరు తగ్గిపోతుంది. పెళ్లికూతురి గుడ్డ కోసి తల్లి తొడుక్కుంటుందా? నేను కత్తెర పెట్టను. నా చెయ్యి రాదు."

"నాకొస్తుంది" అని కూతురు బల్లమీది పెద్ద కత్తెర అందుకుంది. జీవితంలో ఓ గుండీ కూడా కుట్టుకోని పిల్ల! తల్లి "ఆగవే, గీత గీస్తానుండు" అనేలోపే కరకరమని కోసుకుంటూ పోయింది. మొదటి పట్టీ పర్వాలేదు. రెండోది సగానికొచ్చేసరికి పక్కకు జారింది. "వంకరపోతోందే, వంకర!" అని పిన్ని గిలగిల్లాడిపోయింది. "పోనీ" అంటూ కోసేసింది పిల్ల.

తొమ్మిదో రోజు రిజిస్టరు ఆఫీసు వరండాలో సందులోని ఆడవాళ్లంతా చేరారు. పెళ్లికూతురి బట్టలు చూసి అందరూ పొగిడారు, అదెలాగూ ఊహించిందే. కానీ గుంపు మూగింది మాత్రం పిన్ని చుట్టూ. ఆకుపచ్చ గౌను, పక్కల్లోనూ చేతుల చివరా లేత గంధం. "ఎంత బాగుంది పిన్నీ! ఎక్కడ దొరికింది? లింకు పంపవా?" అని ఒకటే పోరు. "ఎంత వెతికినా దొరకదు, ఊరికే కళ్లు పాడుచేసుకోకండి" అంది పిన్ని, గొప్ప దాచుకోవడం చేతకాక.

నర్సు మాత్రం కాస్త వంగి చూసింది. ఇన్నాళ్లూ పిన్ని చేత మాటలు పడిన మనిషి, ఇవాళ్టికి దొరికింది అవకాశం. "పిన్నీ, ఈ ఎడమవైపు పట్టీ కిందికొచ్చేసరికి బాగా వంకరపోయింది! ఊరందరివీ సరిచేస్తారు, ఇది చూసుకోలేదా? ఇలా తిరగండి, పిన్నీసు పెడతా, తెలియదు."

పిన్ని గౌను అంచు చటుక్కున లాక్కుంది.

"చెయ్యి తియ్యవే! అది మా అమ్మాయి కోసింది."