పరదా ముందు దగ్గు

నా చిన్నప్పుడు ఒకరోజు మా ఇంటి వసారాలో ఆరు జతల తలుపులు గోడకు ఆనించి ఉన్నాయి. అవి మా ఇంటి తలుపులు కావు. అబిడ్స్ వెనక సందులో మాకు ఆరు కిరాయి గదుల వరుస ఉండేది, ఆ గదులవి. వాటిని తలచుకోని రోజు ఈ మధ్య లేదు. ఎందుకంటే ఇది రాస్తున్న నా గదికి ఇప్పుడు తలుపు లేదు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నాంపల్లిలో మా ముత్తాతల నాటి దేవిడిలో ఉండేవాళ్ళం. పెద్ద కమాను, లోపల రెండు వాకిళ్ళు, వాటి చుట్టూ గదులు. నేను పుట్టేనాటికే ఒక వైపు కప్పు కూలిపోయింది. మా వాళ్ళు పాత సర్కారులో పెద్ద కొలువులు చేసినవాళ్ళు. ఆ కొలువులు పోయాయి, ఊళ్ళలోని భూములు పోయాయి. మిగిలినవి ఆ దేవిడి, ఆ ఆరు గదులు, వీపు వంచకుండా కూర్చునే అలవాటు. మూడోది ఇంకా నా దగ్గర ఉంది.

అబిడ్స్ అప్పుడు పెరుగుతున్న రోజులు. ఒక వ్యాపారి మా ఆరు గదులు కూల్చి లాడ్జి కడతానని వచ్చాడు. దసరాలోగా గదులు ఖాళీ చేసి అప్పగిస్తేనే కొంటానన్నాడు. ఆ బేరం కుదిరితే దేవిడి కప్పు నిలబడుతుంది, లేకపోతే లేదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పిల్లదాన్ని, నాకు కూడా తెలుసు.

అయితే కిరాయివాళ్ళను వెళ్ళిపొమ్మనడానికి మా తాతయ్యకు నోరు రాలేదు. అది జాలి అని నేను చెప్పను. ఒకరి గుమ్మం ముందు నిలబడి అడగడం, అది పొమ్మని అడగడమైనా సరే, ఆయనకు నామోషీ. అందుకని మా గుమాస్తా ఒక ఉపాయం చెప్పాడు. తలుపులు పాతబడ్డాయి, బాగు చేయించి తెస్తాం అని చెప్పి అన్నిటినీ ఊడదీయించాడు. పొమ్మనలేక పొగపెట్టడం అంటారే, అదే ఇది. తలుపు లేని ఇంట్లో పిల్లలతో ఎవరు పడుకుంటారు? నాలుగు రోజుల్లో అయిదు గదులు ఖాళీ అయ్యాయి.

వసారాలో ఆ తలుపుల మధ్య నేను ఆడుకునేదాన్ని. ఒక రెక్క మీద ఎవరో పిల్లలు సుద్దతో ఎక్కాలు రాసుకున్నారు. మా తలుపు మీద వాళ్ళ రాతేమిటని తడిగుడ్డతో తుడిచేశాను. చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఒకరి ఇంటి తలుపులు తెచ్చి మన వసారాలో పెట్టుకోగలగడమే గొప్పతనం అనుకున్నాను.

ఆరో గదిలో ఒక అక్క ఉండేది. కాచిగూడలో చిన్న బడిలో పంతులమ్మ. ఆమె భర్త గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. కొన్ని నెలలుగా పనికి పోవడం లేదని, ఎక్కడున్నాడో తెలియదని చెప్పుకునేవారు. తలుపులు ఊడదీసిన సాయంత్రమే ఆ అక్క రెండు చీరలు కలిపి కుట్టి గుమ్మానికి పరదా కట్టింది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో పరదాకు ఒక మర్యాద ఉండేది. తలుపైతే తట్టవచ్చు, గొళ్ళెం ఆడించవచ్చు. పరదాను ముట్టుకోకూడదు. నాలుగడుగుల దూరంలో ఆగి, గొంతు సవరించుకుని ఒకసారి దగ్గాలి. లోపలి నుంచి పిలుపు వస్తే వెళ్ళాలి. ఇంట్లో మగవాళ్ళు లేరని మాట వస్తే అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. ముస్లింల ఇళ్ళలో అయినా, మా ఇళ్ళలో అయినా ఇదే పద్ధతి. మా తాతయ్య సొంత ఇంట్లో మా బాపమ్మ గదిలోకి వెళ్ళాలన్నా ముందు బయట నిలబడి దగ్గేవాడు.

అందుచేత ఆయన ఆరో గది దగ్గరికి వెళ్ళాడు, పరదా ముందు ఆగాడు, దగ్గాడు. మగవాళ్ళు లేరని లోపలి నుంచి మాట వచ్చింది. తిరిగి వచ్చాడు. మరునాడూ అంతే. మూడోనాడూ అంతే. బాపమ్మ వక్క కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అంది: “రోజూ దగ్గి రానీకి గంత దూరం పోవాల్నా? గా దగ్గేదో ఇంట్లనే దగ్గుండ్రి!”

నాలుగోనాడు వ్యాపారి కబురు పంపాడు. రేపు సాయంత్రంలోగా ఆరో గది ఖాళీగా చూపించకపోతే బేరం లేదని. మరునాడు గుమాస్తా ఒక బండిని, ఇద్దరు హమాలీలను తెచ్చాడు. నన్ను కూడా వెంట రమ్మన్నాడు. ఎందుకో అక్కడికి వెళ్ళాక గానీ అర్థం కాలేదు. తాతయ్య ఎప్పటిలాగే ఆగి దగ్గాడు.

“మొగోళ్ళు ఇంట్ల లేరయ్యా. రేపు రాండ్రి,” అంది అక్క లోపలి నుంచి.

“ఇగ రేపెక్కడిదమ్మా,” అన్నాడు గుమాస్తా. తాతయ్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “అయ్యా, చిన్నమ్మను పంపుదాం. ఆడపిల్ల పోతే తప్పేముంది? ఆయన లోపల ఉన్నడో లేడో చూసొస్తది. ఉన్నడంటే ఇగ మనకు అడ్డమేంది?”

తాతయ్య ఔననలేదు, కాదనలేదు. నేను పరదా ఎత్తి లోపలికి వెళ్ళాను.

మూలన చాప మీద ఆ అక్క భర్త పడుకుని ఉన్నాడు. ఎముకల మీద చర్మం కప్పినట్టు ఉన్నాడు. తువ్వాలు నోట్లో కుక్కుకుని, రెండు చేతులతో అదిమి పట్టి దగ్గు ఆపుకుంటున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అక్క నన్ను చూసింది. ఎవరికీ చెప్పవద్దని బతిమాలుతుందేమో అనుకున్నాను. బతిమాలితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె ఏమీ అడగలేదు. “కూసో తల్లీ” అని పీట వేసింది. గూట్లోంచి కుంకుమ భరిణె తీసి నా నుదుట బొట్టు పెట్టింది. బొట్టు కాస్త పక్కకు జారింది. “ఇంటికొచ్చిన ఆడపిల్ల ఊకనే పోవద్దు,” అంది. అంతే.

బయటికి వచ్చాను. మా వంశంలో అబద్ధం లేదని రోజూ వింటూ పెరిగిన పిల్లను. “తాతయ్యా, లోపల...” అనబోయాను. ఆయన చెయ్యి ఎత్తాడు.

“బొట్టు పెట్టి పంపిన్రు గద, చాలు బిడ్డా. పరదా లోపల చూసింది పరదా లోపలనే ఉండాలె.”

సరిగ్గా అప్పుడే లోపల అక్క భర్తకు దగ్గు ఆగలేదు. సందంతా వినబడేలా, ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చింది. హమాలీ ఒకడు కిసుక్కున నవ్వాడు. గుమాస్తా ముఖం వెలిగిపోయింది.

“విన్నరా అయ్యా! అది మొగోని దగ్గే గదా!”

తాతయ్య ముఖం ఎర్రబడింది. పరదా వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. దగ్గు ఆగింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగింది. దేవిడి కప్పు ఆయన కళ్ళ ముందు కనబడుతూనే ఉండి ఉంటుంది. చివరికి అన్నాడు: “లేరన్నరు. లేరంటే లేరు.” బండిని వెనక్కి తిప్పించాడు.

దారిలో గుమాస్తా ఉండబట్టలేక, “ఇల్లు మనదే గదయ్యా” అని గొణిగాడు. “గోడలు మనయి. పరదా ఆమెది,” అన్నాడు తాతయ్య. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. రెండు రోజులకు వడ్రంగి వెళ్ళి ఆరో గదికి తలుపులు బిగించి వచ్చాడు. కొత్త బందులు వేయించి, రంగు వేయించి మరీ పంపాడు తాతయ్య. బాగు చేయిస్తామని చెప్పాం కదా, ఆ మాట అబద్ధం కాకూడదని.

ఆ మాఘంలో ఆ అక్క భర్త ఆ గదిలోనే పోయాడు. నక్షత్రం మంచిది కాదు, గది ఆర్నెల్లు మూయించాలని గుమాస్తా అంటే తాతయ్య వినలేదు. అక్క ఇంకో మూడేళ్ళు అక్కడే ఉంది. వ్యాపారి వేరే చోట లాడ్జి కట్టుకున్నాడు. తరువాతి వానాకాలంలో దేవిడి రెండో వైపు కప్పు కూడా దిగిపోయింది. ఆ పైన మా అమ్మకాలన్నీ కొనేవాడు చెప్పిన ధరకే. ఇప్పుడు దేవిడి చోట దుకాణాల కాంప్లెక్సు ఉంది, దాని కింద బండ్లు నిలుపుకుంటారు. “ఒక్క దగ్గుకు మునిగినం” అని మా నాయన పోయేదాకా అంటూనే ఉన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. తాతయ్య ఆ రోజు ఆ పరదా ఎత్తి ఉంటే నా బతుకు ఇలా ఉండేది కాదని ఏళ్ళ తరబడి కోపం పెట్టుకున్నాను.

ఇప్పుడు నేను నాంపల్లి స్టేషను వెనక ఒక పాత మేడలో, పై అంతస్తులో కిరాయికి ఉంటున్నాను. ఒక్కదాన్నే. పిల్లలు లేరు, ఆయన పోయి పదకొండేళ్ళు. మా సందును వెడల్పు చేస్తారని, ఆ రోడ్డు మీద ఎత్తు మేడలకు అనుమతి ఇస్తారని కొత్త ప్రణాళిక వచ్చింది. అభ్యంతరాలుంటే రాసి ఇమ్మని గోడకు నోటీసు అంటించారు. కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. స్థలం పోయేవాళ్ళకు ఏమిస్తారో ఉంది, పైన ఎన్ని అంతస్తులు వేసుకోవచ్చో ఉంది. కిరాయికి ఉన్నవాళ్ళ మాట ఒక్క వరుసలో కూడా లేదు. అడుగుదామని ఆఫీసుకు వెళితే కౌంటరు వెనక మనిషి, “మీరు ఓనరా అమ్మా?” అన్నాడు. కాదని చెప్పక తప్పలేదు. “అయితే మీ ఓనరుతోటి మాట్లాడుకోండ్రి,” అని వెనకున్న వాళ్ళను పిలిచాడు.

మా ఓనరు మేడను బిల్డరుకు ఇచ్చేశాడు. నా అగ్రిమెంటు పదకొండు నెలలది, తీరి చాలాకాలమైంది. కొత్తది రాసిమ్మని అడగడం నాకు నామోషీ అనిపించింది. వేరే గది కోసం ఖైరతాబాద్‌లో చూశాను, కాచిగూడలో చూశాను. నాకు గది నచ్చేది, వాళ్ళకు నేను నచ్చేదాన్ని కాదు. ఒకామె దాచుకోకుండా చెప్పేసింది. “ఏమనుకోకు పెద్దమ్మా, ఈ వయసుల ఒక్కదానివి. రేపేమన్న అయితే, నక్షత్రం మంచిది కాకపోతే, ఇల్లు మూసుకోవాల్సింది మేము.” చావడానికి కూడా సొంత ఇల్లు ఉండాలని ఆ రోజు తెలిసింది.

పోయిన వారం మా మేడలో నాలుగు పోర్షన్ల తలుపులూ ఊడదీసుకుపోయారు. రిపేరుకట. అరవై ఏళ్ళు గడిచినా ఆ అబద్ధం మారలేదు. బాపమ్మ గద్వాల చీర ఒకటి నా దగ్గర మిగిలి ఉంది. పెట్టె తీసి దాన్ని గుమ్మానికి కట్టాను. పాత దుప్పటి ఒకటి ఉంది గానీ, మా ఇంటి పరదా చింకిగుడ్డ కాకూడదు. నన్ను చూసి మిగతా పోర్షన్ల వాళ్ళూ ఏదో ఒకటి కట్టుకున్నారు.

మరునాడే బిల్డరు మనిషి వచ్చి చీర పక్కకు తోసి తల లోపల పెట్టాడు. ఫోనులో గదిని వీడియో తీస్తున్నాడు.

“బయటికి పోయి దగ్గి రా నాయనా,” అన్నాను.

“నాకు దగ్గు లేదు పెద్దమ్మా, మంచిగనే ఉన్న.”

అంత కోపంలోనూ నవ్వొచ్చింది. బయట నిలబెట్టి పద్ధతి చెప్పాను. చెడ్డవాడు కాదు, జీతానికి తిరిగే మనిషి. ఆ తరువాత మూడు రోజులు వచ్చి, గొంతులో ముల్లు ఇరుక్కున్నట్టు దగ్గి నిలబడ్డాడు. “ఇంట్ల మొగోళ్ళు లేరు” అన్నాను. నా విషయంలో అది నిజమే. “సరే పెద్దమ్మా” అని వెళ్ళిపోయాడు. నిన్న మాత్రం కదల్లేదు.

“నేనైతే ఎన్ని రోజులన్న దగ్గుత పెద్దమ్మా. సోమవారం సంది వేరేటోళ్ళు వస్తరు. వాళ్ళు దగ్గరు. జర ఏదన్న తొవ్వ చూసుకో.”

అతని చెప్పుల చప్పుడు మెట్ల మీద ఆగిపోయేదాకా విన్నాను. తాతయ్య మీది కోపం అప్పుడు వెతికితే దొరకలేదు. ఆ అక్కకు పరదా బయట తాతయ్య దొరికాడు. నాకు ఎవరు దొరుకుతారు? మర్యాద ఉంటుందనుకుని కాగితం అడగలేదు. ఇప్పుడు మర్యాదా లేదు, కాగితమూ లేదు.

అభ్యంతరం ఇవ్వడానికి కూడా సోమవారమే ఆఖరు. తలుపులు తీసుకుపోయిన సంగతి, పోవడానికి చోటు చూపేదాకా మమ్మల్ని కదిలించవద్దన్న మాట నా చేత్తోనే రాశాను. నాలుగు పోర్షన్ల వాళ్ళ సంతకాలు కావాలి. ఒకరి గుమ్మం ముందు అడగడానికి నిలబడటం నా జన్మలో మొదటిసారి. ఈ పొద్దున మెట్లు దిగి కింది పోర్షను దగ్గర ఆగాను. ఇళ్ళకు రంగులు వేసే ఒకతను, భార్య, చంటిపిల్ల ఉంటారక్కడ. గుమ్మానికి దుప్పటి కట్టుకున్నారు. నాలుగడుగుల దూరంలో నిలబడి దగ్గాను. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“మా ఆయన ఇంట్ల లేడు,” అంది ఆమె. బిల్డరు మనుషులనుకుందేమో. దుప్పటి కింద నుంచి రంగు మరకలున్న మగవాడి పాదాలు రెండు నాకు కనబడుతూనే ఉన్నాయి.

“లేడంటే లేడు తల్లీ. నేను, పైనింటి పెద్దమ్మను. కాగితం పెడుతున్న, చదువుకో.”

కాగితం, పెన్ను దుప్పటి కింద నుంచి లోపలికి జరిపాను. కాసేపటికి అలాగే తిరిగి వచ్చాయి. రెండు సంతకాలున్నాయి. రెండోది ఇంట్లో లేని మనిషిది. ఆ పాదాల వైపు నేను మళ్ళీ చూడలేదు. ఈ కాగితం ఎవరైనా చదువుతారో లేదో నాకు తెలియదు. సోమవారం ఎక్కడ ఉంటానో తెలియదు. తాతయ్య నాకు గోడలేమీ మిగల్చలేదు, ఒకరి పరదా ముందు ఆగడం మాత్రం మిగిల్చాడు. కాగితం మడిచి పట్టుకుని, పక్క పోర్షను పరదా ముందుకు వెళ్ళి, నిటారుగా నిలబడి దగ్గాను.