జాలీ మీద ఉల్లిగడ్డ

2022, ఉల్లి సీజను. కర్నూలు మార్కెట్ యార్డుకు కొంచెం ఎడంగా రోడ్డు పక్కన నాకు బొగ్గుల మీద కోడి కాల్చి అమ్మే చిన్న అంగడి ఉంది. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వచ్చేవాళ్ళు మసాలా సంగతి అడుగుతారు, కోడి ఎక్కడ కొంటావని అడుగుతారు. జాలీ ఎలా కడుగుతావని ఎవరూ అడగరు. నేను మరిచిపోలేని సంగతి మాత్రం ఆ జాలీ దగ్గరే జరిగింది.

మా పొయ్యి ఒక ఇనప పెట్టె. కింద బొగ్గులు, పైన కమ్మీలు వరుసగా వెల్డింగ్ చేసిన జాలీ. పెరుగు, కారం పట్టించిన ముక్క కాలేటప్పుడు రసం కారి కమ్మీలకు అంటుకుని నల్లగా గట్టిపడుతుంది. దాన్ని తీయకపోతే మరునాటి ముక్క అతుక్కుని చీలుతుంది, చేదెక్కుతుంది. అందుకని మొదట ‘బర్న్ ఆఫ్’ చేస్తాం. అంటే జాలీని ఉత్తగా బాగా కాగనిచ్చి, అంటుకున్నదంతా మాడి పొడిబారేలా చేయడం. తర్వాత ‘వైర్ బ్రష్’తో గీకుతాం. కొయ్యకు సన్నటి ఇనప తీగలు కుచ్చులుగా బిగించి ఉండే బ్రష్ అది. చివర్న తుప్పు పట్టకుండా నూనె గుడ్డతో తుడుస్తాం.

వైర్ బ్రష్ పాతబడితే వేడికి తీగల మొదళ్ళు వదులై ఒక్కొక్కటే ఊడిపోతాయి. నా బ్రష్‌కు ఒక మూల బట్టతల వచ్చింది. ఊడిన తీగలు ఎక్కడికి పోతున్నాయో నేను ఆలోచించలేదని రాస్తే అబద్ధమవుతుంది. బూడిద ఎత్తుతుంటే ఒకసారి ఒక తీగ కనిపించింది. తీసి పారేసి, బ్రష్ మార్చాలి అనుకున్నాను. పనిలో పడి మరిచిపోయానని కూడా చెప్పలేను. గుర్తుండే వాయిదా వేశాను.

మద్దిలేటన్న యార్డులో ఒక మండీ తరఫున ఉల్లి వేలం పలికేవాడు. కుప్ప కుప్పకూ నడుస్తూ ధర పాడాలి, అటు వ్యాపారులకూ ఇటు రైతులకూ వినపడాలి. ఆ గొంతే ఆయన పొలం, పుట్ర. పని ముగిశాక నా అంగడికి వచ్చి లెగ్ పీసు తినడం ఆయన అలవాటు.

ఆ సాయంత్రం కూడా వచ్చాడు. "ఏమప్పా రత్నం, నీ కోడి బతికున్నప్పుడు నడిచిందా, లేదా? కాలు ఇంత సన్నగుండాది" అన్నాడు.

"నడిచి నడిచే సన్నబడిందన్నా. నీ మాదిరి కుప్పల చుట్టూ తిరిగింటాది" అన్నాను.

నవ్వుతూ కొరికాడు. రెండోసారి కొరికేసరికి దగ్గు వచ్చింది. గొంతు పట్టుకుని, "ఏందో గుచ్చుకుండాది" అన్నాడు.

"ఎముక లేన్నా. అదే పోతాది" అని, నా క్యారేజీలోని అన్నం ముద్ద చేసి ఇచ్చాను. ముల్లో ఎముకో గుచ్చుకుంటే మా ఇళ్ళల్లో చేసేది అదే. ఉత్త అన్నం ముద్ద నమలకుండా మింగితే దాన్ని తోసుకుపోతుంది. ఆయన మింగాడు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "ఇంకొకటి మింగన్నా" అని ఇంకా పెద్ద ముద్ద చేసిచ్చాను. అదీ మింగాడు. గొంతు పట్టుకునే ఇంటికి పోయాడు.

పొద్దున్నే ఆయన భార్య సుంకులమ్మ అంగడి దగ్గరికి వచ్చింది. నేను అప్పుడే జాలీ గీకడానికి బ్రష్ తీసుకున్నాను.

"రత్నమన్నా, ఆయప్ప ఎంగిలి గూడా మింగలేకుండాడు. మాట పడిపోయింది. పెద్దాసుపత్రికి పిల్చుకపోయినాం. ఏం తిన్నాడో నిన్నడగమని సైగ చేసినాడు. ఏం బెట్టినావన్నా?"

నా చేతిలో బ్రష్ అలాగే ఉండిపోయింది. బట్టతల పడిన ఆ మూలకేసి చూశాను. ఆ క్షణాన ఆ సంగతి తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే. "కోడే కదమ్మా, ఎముకయ్యుంటాది" అన్నాను. అని, ఆమె వెంటే బయలుదేరాను. ఎందుకో తెలియదు, బ్రష్‌ను సంచిలో వేసుకున్నాను.

ఆసుపత్రిలో గొంతు డాక్టరు అద్దం పెట్టి చూశాడు. "ఎముకేమీ కనపడటం లేదు. పోతూ పోతూ గీరినట్టుంది, వాచింది. మందులు రాస్తాను, ఇంటికి తీసుకుపోండి" అన్నాడు. సుంకులమ్మ దేవునికి దండం పెట్టుకుంది. అంతటితో నేను బయటపడ్డట్టే. మద్దిలేటన్న మాత్రం బల్ల మీద కూర్చుని, మింగడానికి భయపడి నోట్లో నీరు గుడ్డలోకి వదులుతున్నాడు. చీటీ తీసుకుని లేవబోయాడు.

ఆదివారం ఆదివారం చర్చిలో మోకరించి ‘నా తప్పులు క్షమించు’ అంటుంటాను. అక్కడ తప్పుల పేర్లు చెప్పనవసరం లేదు. ఇక్కడ చెప్పాలి.

"సార్, అది ఎముక గాదు" అని బ్రష్ తీసి బల్ల మీద పెట్టాను. "దీని తీగ అయ్యుంటాది. ఊడిపోతాండాయని నాకు తెలుసు."

డాక్టరు బ్రష్‌ను తిప్పి చూశాడు. చీటీ వెనక్కి తీసుకుని స్కానింగ్ రాశాడు. అందులో తెల్లటి గీత కనిపించింది. నాలుక మొదట్లో కండలో దిగబడి, కొన స్వరపేటిక వైపు తిరిగి ఉంది. "పైపైన గుచ్చుకోవాల్సిన తీగ ఇంత లోపలికి దిగింది. ఎవరైనా అన్నం ముద్దలు మింగించారా?" అని అడిగాడు. నేనేనన్నాను. "గుచ్చుకున్నదాన్ని అన్నం తోసుకుపోదు, ఇంకా లోపలికి దిగగొడుతుంది. ఇలాగే ఇంటికి పంపుంటే చీము పట్టేది, గొంతే పోయేది" అన్నాడు.

సుంకులమ్మ నావైపు చూసింది. "నువ్వు బయట కూచో పో" అంది. అంతే. తిట్టినా బాగుండేది.

మత్తిచ్చి తీగ తీశారు. వాపు పూర్తిగా తగ్గేదాకా మాట్లాడొద్దన్నారు, గొంతు మునుపటిలా వస్తుందో రాదో అప్పుడే చెప్పలేమన్నారు. సీజను మధ్యలో ఉంది. నేను అంగడి మూసి యార్డులోకి పోయి నిలబడ్డాను. ఇంకెవరో వేలం పలుకుతున్నారు. రైతులు "గట్టిగా పలుకప్పా, ఇనపడల్యా" అని అరుస్తున్నారు. ఇక పొయ్యి వెలిగించకూడదు అనుకుని ఇంటికి వచ్చేశాను.

కొన్నాళ్ళకు మద్దిలేటన్నే మా ఇంటి ముందుకు వచ్చాడు. సైకిలు మీద గోతం. అందులో వేలంలో ఎవరూ పాడుకోని ఉల్లిగడ్డలు ఉన్నాయి, మొలకలొచ్చినవి, జంటగడ్డలు.

"అంగడి మూసినావంట?" అన్నాడు. గొంతు ఇంకా గుసగుసగానే ఉంది.

"ఇంగ ఆ బ్రష్ ముట్టుకోలేనన్నా."

"ముట్టుకోమన్న్యాడెవడు? మీ యమ్మ దోశె పోసేముందర పెనానికి ఏం రుద్దుతాది?"

"ఉల్లిగడ్డ."

"పెనానికి పనికొచ్చేది నీ జాలీకి పనికిరాదా? నాకు గొంతు లేకుండా జేసింది గాక కోడి గూడా లేకుండా జేస్తావా ఏం?"

ఆయన గోతం దించి, "లెయ్యి, లెయ్యి" అన్నాడు.

ఆ రోజు ఇద్దరం కలిసి జాలీ కడిగాం. బాగా కాగనిచ్చాం. ఉల్లిగడ్డను అడ్డంగా కోసి, పొడుగాటి ఇనప పుల్లకు గుచ్చి, కోసిన వైపు కమ్మీల మీద అదిమి రుద్దాం. చుయ్యిమని ఆవిరి లేచి, మాడు మెత్తబడి ఊడివచ్చింది. పట్టకారుతో తడిగుడ్డ పట్టి తుడిచాం. చల్లారాక జాలీని వెలుతురుకు ఎత్తిపట్టి ఒక్కో కమ్మీనీ చూశాం. చివర్న నూనె రాశాం. ఇప్పటికీ అదే పద్ధతి. కొంచెం పొద్దు ఎక్కువ పడుతుంది, అంతే. బూడిద కూడా ఏ రోజుదారోజు ఎత్తేస్తాను. ఉంచితే చెమ్మ పట్టి ఇనుమును తింటుంది.

కడగడమంటే మురికి పోగొట్టడమేనని ఇన్నేళ్ళూ అనుకున్నాను. కడిగే వస్తువు తన వెనక ఏం వదిలిపోతుందో చూసుకోవడం కూడా ఆ పనేనని ఇంకొకరి గొంతు మీదుగా నేర్చుకున్నాను. ఆ రోజు చీటీతో ఆయన్ను ఇంటికి పోనిచ్చి ఉంటే ఏం నేర్చుకునేవాణ్ణో తలచుకోవడానికి భయమేస్తుంది.

మద్దిలేటన్న మరుసటి సీజనుకు మళ్ళీ వేలం పలికాడు. ధర పైకి పోయేకొద్దీ ఒకచోట గొంతు జీరపోతుంది. అక్కడ ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకుంటాడు. ఆ జీర నాది. జాలీకి కావలసిన ఉల్లిగడ్డలు నేను యార్డుకు పోయే తెచ్చుకుంటాను. జనంలో నేను కనపడితే చాలు, పాట మధ్యలో ఆపి, అంతమంది రైతుల ముందు, యార్డంతా వినపడేలా అడుగుతాడు.

"ఏమప్పా రత్నం, జాలీ కడిగినావా?"

"కడిగినానన్నా" అంటాను, తల వంచుకుని కాదు, ఆయన మొహం చూస్తూ. అంత దూరం వినపడేలా అడుగుతున్నాడు కదా, అది చాలు నాకు.