మా సారు ఫోనుకు నేను వేసిన తాళం

పుంగనూరులో మొదట టైపు, తర్వాత కంప్యూటరు నేర్పి ఎన్నో కుటుంబాలకు అన్నం పెట్టిన మా గురువు రెడ్డెప్ప సారు పరమపదించారు. కుప్పం నుంచి ఆయన శిష్యురాలు, దర్జీ పని చేసే మునెమ్మ ఫోన్ చేసేసరికి నేను అంగళ్లులో, నా ఉద్యోగస్థలంలో, కంప్యూటర్ల ముందు కూర్చుని ఉన్నాను. "లలితక్కా, సారు ఈడ ఆస్పత్రిలో ఉండాడు. నిన్న మద్యానమే పోయినాడంట. ఎవురో ఏమో తెలీదని పక్కన పెట్టేసినారు" అంది. ఎవరో తెలియదట. మదనపల్లె నుంచి కుప్పం దాకా ఏ బస్సెక్కినా ఎవరో ఒకరు లేచి సీటిచ్చే మనిషి ఎవరో తెలియదట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

సంతాప సభలో వక్తలందరూ ఆయనను సౌమ్యమూర్తి అన్నారు. అబద్ధం. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది. అయితే ఆ కోపం ఏమీ తెలియని అమాయకుల మీదికి ఎన్నడూ వెళ్ళలేదు. తెలిసీ ఎదుటివాళ్ళను చిన్నబుచ్చేవాళ్ళ మీదికే వెళ్ళింది. ఆ కోపాన్ని చవిచూసినవాళ్ళలో మొదటిదాన్ని నేను.

పుంగనూరులో ఒక కార్యాలయానికి ఆయనతోపాటు వెళ్ళిన రోజు జ్ఞాపకం వస్తోంది. అక్కడ నెలనెలా పాస్‌వర్డు మార్చాలని నియమం. అందులో అక్షరాలు, అంకెలు, గుర్తులు అన్నీ ఉండాలి. గుమాస్తాలు విసిగిపోయి దాన్ని గోడ క్యాలెండరు మీదే రాసుకున్నారు. వాళ్ళకు బుద్ధి చెప్పమని అధికారి సారును పిలిపించాడు. సారు క్యాలెండరు వంక చూసి, "మీది యాడ రాసుకోనుండారు సార్?" అని అధికారినే అడిగారు. అధికారి బల్ల సొరుగు తెరిచి లోపలి కాగితం చూపించాడు. "తీసేదానికి కష్టమైన తాళమేస్తే జనం తలుపు తెరిసే పెట్టుకుంటారప్పా. తప్పు జనానిది కాదు" అన్నారు సారు. నెలనెలా మార్చే బాధ తీసేసి, ఒక్కొక్కరికీ ఒక పొడుగాటి మాట, వాళ్ళు మరిచిపోలేనిది, వేరొకరు ఊహించలేనిది, కల్పించి ఇచ్చి వచ్చారు. ఆయన సిద్ధాంతమంతా అదే. భద్రత అనేది మనిషి శక్తికి లోబడి ఉండాలనేవారు. నేను పై చదువులు చదివినదాన్ని గనక ఆ సిద్ధాంతాన్ని ఎన్నడూ పూర్తిగా అంగీకరించలేదు.

ఆయన దగ్గర ఫోను నేర్చుకున్న గంగులమ్మ సంగతి చెప్పకపోతే ఆయన స్వరూపం సమగ్రం కాదు. శెనక్కాయలు ఒలిచి ఒలిచి ఆమె వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. ఫోను ఆమె వేలిని గుర్తుపట్టదు. అంకెలు ఆమె తలలో నిలవవు. తాళమే వద్దు పొమ్మంది. సారు ఫోనులో తొమ్మిది చుక్కలు తెప్పించి, "ఇది ముగ్గే గదమ్మా. సెయ్యెత్తకుండా గియ్యి, అంతే" అన్నారు. ఆమె గీసింది. వారం తిరిగేసరికి సంతోషం పట్టలేక అదే ముగ్గును వీధిలో అందరికీ నేర్పింది. వీధి వీధంతా ఒకే తాళం. నేను పగలబడి నవ్వాను. సారు నన్ను అందరి ముందూ నిలబెట్టి, "నవ్వొద్దు. ఆయమ్మ ఒక్క వారంలో ఊరికి తాళమెయ్యడం నేర్పింది. నువ్వు ఇంతవరకూ ఎవురికి నేర్పినావు?" అన్నారు. ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి ఒక్కొక్కరి చేత వేరే ముగ్గు పెట్టించారు. ఎండలో నేనూ ఆయన వెంట తిరిగాను, మూతి ముడుచుకునే.

ఆయనకు మరొక అలవాటుండేది. ఫోను నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ వెనక అట్ట లోపల ఒక చీటీ పెట్టించేవారు. ఇంట్లోవాళ్ళ పేరు, నంబరు, పైన "నాకేమన్నా అయితే వీళ్ళకు చెప్పండి" అన్న మాట. అక్షరాలు ముత్యాల్లా స్వయంగా రాసేవారు. ఫోనుకు ఎంత తాళమున్నా, రోడ్డు మీద పడిపోయిన మనిషి ఇంటికి కబురు వెళ్ళాలని ఆయన ఆరాటం. దొంగ చేతిలో పడితే ఆ నంబరే ఆయుధమవుతుందని నేను ఎన్నోసార్లు వాదించాను.

చివరికి అదే జరిగింది. పుంగనూరులో ఒక శిష్యుడి ఫోను బస్సులో పోయింది. తీసినవాడు చీటీ చదివి వాళ్ళమ్మకు ఫోన్ చేసి, "నీ కొడుక్కి యాక్సిడెంటయింది, ఆపరేషన్‌కి దుడ్లు పంపు" అన్నాడు. ఆ తల్లి ఉన్నదంతా పంపి, చెప్పుల్లేకుండా రోడ్డు మీద పరుగెత్తింది. కొడుకు అంగట్లో నిక్షేపంగా ఉన్నాడు. ఆమె మాత్రం తర్వాత చాలాకాలం మనిషి కాలేదు.

ఆ వార్త విని నేను మదనపల్లెలో సారు ఇంటికి వెళ్ళాను. ఓదార్చడానికే వెళ్ళానని చెప్పుకున్నాను గాని, లోలోపల గెలిచానన్న గర్వం ఉంది. ఇప్పుడు దాచి ఏం లాభం. "నేను చెప్పలేదా సార్" అన్నాను. తల వంచుకుని కూర్చున్న ఆయన, "మరి మనిషి దావలో పడిపోతే ఎవురికి సెప్తారమ్మా?" అని అడిగారు.

"పడిపోయేది ఎప్పుడో ఒకసారి సార్. దొంగలు రోజూ ఉంటారు" అన్నాను.

ఆయన తన ఫోను నా చేతిలో పెట్టారు. చీటీ తీసేశాను. ఆధార్ జిరాక్సు జేబులో పెట్టుకుని తిరగొద్దన్నాను. సిమ్ముకు కూడా తాళం వేశాను. అంటే ఫోను ఆగి మళ్ళీ వెలిగినప్పుడల్లా నాలుగంకెలు కొడితేగాని కాల్ వెళ్ళదు, రాదు. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ము బిగుసుకుపోతుంది. దొంగ దాన్ని వేరే ఫోనులో వేసుకుని బ్యాంకు సందేశాలు చదవకుండా ఉండటానికి అది మంచి ఉపాయం. ఈ రోజుకీ మంచి ఉపాయమే. ఆయన తన పెళ్ళయిన సంవత్సరం పెట్టమన్నారు. ఎవరైనా ఊహిస్తారని నేను ఒప్పుకోలేదు. ఒకదానికొకటి పొత్తు లేని నాలుగంకెలు నేనే ఎంచి, పదిసార్లు అప్పజెప్పించుకున్నాను, చిన్నప్పుడు ఆయన నా చేత టైపు పాఠాలు అప్పజెప్పించుకున్నట్టు.

తన వల్ల జరిగిన అనర్థాన్ని తానే సరిదిద్దాలని ఆయన చీటీలు తీయించడానికి బయలుదేరారు. పుంగనూరు అయిపోయింది. ఆ తర్వాత కుప్పం. బస్టాండులో దిగి నాలుగడుగులు వేసి కూలిపోయారు. ఎవరో పుణ్యాత్ములు ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. కుప్పంలో ఆయన నడిపే తరగతిలో మునెమ్మ వాళ్ళు ఎదురుచూసి, ఫోను కలవక, సారు రాలేదనుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. మదనపల్లెలో సారు భార్య సరోజమ్మ, పని తెమలక అక్కడే ఉండిపోయారనుకుంది. అంతకు ముందూ అలా ఉండిపోయిన సందర్భాలున్నాయి. మరునాడు మునెమ్మకు మనసొప్పక బస్టాండులో విచారించి ఆసుపత్రికి వెళ్తే గాని ఆయనకు పేరు రాలేదు.

సరోజమ్మను తీసుకుని నేనే వెళ్ళాను. ఆయనకు సేవ చేసిన నర్సమ్మ మమ్మల్ని చూసి తప్పు తనదైనట్టు చేతులు పిసుక్కుంది. "పడినప్పుడు ఫోను ఆగిపోయిందమ్మా. మేం మళ్ళా ఎలిగించినాం. నంబరడిగింది. ఏలు పెట్టిస్తే తీసుకోలే. ఎనక అట్ట కూడా ఇప్పి సూసినాం. ఈ పక్క శానామంది ఆడ సీటీ పెట్టుకోనుంటారు."

వాళ్ళకు ఆ అలవాటు నేర్పినవాడు ఆయనేనని నేను చెప్పలేకపోయాను.

"తెలివుండిందా ఆయనకు?" అని సరోజమ్మ అడిగింది.

"ఉండిందమ్మా. మాట రాలేదు, కుడిచెయ్యి రాలేదు. ఫోను ఇమ్మని ఎడంచేత్తో సైగ సేసినాడు. ఆయనే కొట్టినాడు. మూడుతూర్లూ తప్పుపొయ్యింది. కండ్లెంట నీళ్ళు పెట్టుకున్నాడు."

సరోజమ్మ నా వైపు తిరగలేదు. తిరిగి నాలుగు తిట్టినా బాగుండేది.

నాకు తెలిసిన శాస్త్రమంతా నా పక్షానే ఉంది. ఆ తల్లిని మోసగించినవాడు నిజం, నా తాళమూ నిజం. కాని ఒక మనిషి ప్రాణమున్నంతసేపు భార్యను పిలవాలని తపించి, నేను ఎంచిన అంకెలు గుర్తు రాక, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య వెళ్ళిపోయాడు. పెళ్ళినాటి సంవత్సరమైతే గుర్తుండేదేమో. అది నాకు ఎన్నటికీ తెలియదు. తాళాలు ఏ పండితులైనా నేర్పగలరు. తాళం ముందు నిలబడ్డ మనిషి చెయ్యి ఎంత వణుకుతుందో లెక్కలోకి తీసుకున్నవాడు మా ప్రాంతంలో ఆయనొక్కడే. ఆయన తర్వాత అలాంటి గురువు మాకు లేడు.

కర్మకాండ ముగిశాక ఒకరోజు సరోజమ్మ పిలిస్తే వెళ్ళాను. వాళ్ళకు సంతానం లేదు. ఇంట్లో ఆమె ఒక్కతే. తన ఫోను అట్ట విప్పి నా ముందు పెట్టింది. లోపల చీటీ ఉంది. సారు చేతిరాత, సారు పేరు, సారు నంబరు.

"ఊర్లో అందరివీ తీసినాడు పాపా. నాది తియ్యలేకపోయినాడు" అంది. "ఇంగ ఆ నంబరుకి సేస్తే ఎవురు పలుకుతారు? యేరే సీటీ రాసియ్యి."

"ఎవరి పేరు రాయమంటారమ్మా?"

"నువ్వే సెప్పు. నాకెవురుండారు?"

చీటీలు వద్దని ఇన్నేళ్ళు వాదించిన చేత్తోనే "నాకేమన్నా అయితే ఈమెకు చెప్పండి" అని రాసి, కింద నా పేరు, నా నంబరు రాశాను. ఆమె అద్దాలు పెట్టుకుని ఒక్కొక్క అంకె మీదా వేలు పెట్టి చదువుకుంది. పాత చీటీని మడిచి కొంగున కట్టుకుంది.

"ఎవురన్నా సేస్తే ఎత్తుతావా పాపా?" అని అడిగింది.

"ఎత్తుతానమ్మా" అన్నాను. మా గురువుగారికి నేను సమర్పించగలిగిన నివాళి అంతే.