ఏ పొరలో ఆగిందో చెప్పు

ఎండలో నడిచొచ్చి సర్వర్ గది తలుపు తీయగానే ముఖానికి చల్లగాలి తగులుతుంది, దాని వెంటే ఫ్యాన్ల హోరు వినిపిస్తుంది. ఆ రెండూ కలిసి వచ్చినప్పుడల్లా నాకు సలోమి మేడం గుర్తొస్తారు. మొన్న కర్నూలులో మా కొత్త కేంద్రంలోకి అడుగుపెట్టినప్పుడూ అంతే. పక్కనున్నవాళ్ళు యంత్రాల గురించి ఏదో వివరిస్తున్నారు. నేను తల ఊపుతున్నానే కానీ మనసు నంద్యాలలో, నేను మొదట ఉద్యోగం చేసిన ఆ ఇరుకు గదిలో ఉంది.

మాది చిన్న ఇంటర్నెట్ కంపెనీ. నంద్యాలలో ఆఫీసు, అక్కడి నుంచి ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల, చాగలమర్రి వైపు మా తీగలు వెళ్ళేవి. నెట్‌వర్క్ మొత్తానికి పెద్ద సలోమి మేడం. ఊరు ఆళ్ళగడ్డ. నేత చీర కట్టి, కింద కాన్వాస్ బూట్లు వేసుకునేవారు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే మైకు అక్కర్లేని గొంతు. ఆఫీసులో మాత్రం ఆ గొంతు పెరగడం నేనెప్పుడూ వినలేదు. ఆవిడకు అసలు గిట్టని మాట ఒకటుండేది: ‘హ్యాక్ అయింది’. ఎవరైనా ఆ మాటంటే, ఒంట్లో బాగాలేదని చెప్పి ఊరుకున్న రోగిని డాక్టరు చూసినట్టు చూసేవారు.

నేను కోయిలకుంట్ల దగ్గర శనగ పండించే ఇంటి నుంచి ఇంజనీరింగ్ పూర్తి చేసి వచ్చాను. చేరిన రోజే ఆవిడ నెట్‌వర్క్‌లో ఉండే పొరల పేర్లు అడిగితే ఏడూ గడగడా అప్పజెప్పాను.

“పేర్లు బాగా చెప్పినావ్ జానకీ,” అన్నారు. “ఆళ్ళగడ్డలో పొద్దున్నుంచి నెట్ రాలేదు. ఏ పొరలో ఆగిందో చెప్పు.”

ఎవరో హ్యాక్ చేసి ఉంటారని గొణిగాను. ఆవిడ జీపు తాళాలు తీసుకుని “పోయి చూద్దాం పద” అన్నారు.

శిరివెళ్ళ దాటాక ఒక కల్వర్టు దగ్గర మా తీగ రెండు ముక్కలై పడి ఉంది. కొసలు వేళ్ళతో తడిమి చూసి నా చేతికిచ్చారు. ఎలుక కొరికితే అంచు చిందరవందరగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. ఎవరో కత్తి పెట్టి కోశారు.

“అయితే ఇది దాడి కాదు కదా మేడం, తీగ తెగడమే కదా?”

“ఏందీ, కత్తితో కోస్తే దాడి కాదా? అన్నిటికన్నా కింది పొర మీద చేసిన దాడి ఇది. కంప్యూటర్ ముట్టుకోకుండానే ఒక ఊరి నోరు మూసినారు.” మాతో వచ్చి, మట్టిలో కూర్చుని తెగిన కొసలు అతికించే మనిషికి గొడుగు పడుతూ ఆవిడ చెప్పారు: “మాట ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోవాలంటే కింద తీగ ఉండాల. దాని పైన, పక్కపక్కనుండే యంత్రాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టాల. ఆ పైన చిరునామా, దారి. ఆ పైన రెండు కొసలూ మాట కలపాల. అన్నిటికీ పైన, మనం వాడే పని. కొట్టేటోడు వీట్లో యాడనో ఒక చోటే కొడ్తాడు. ఆ చోటు తెలీకుండా మందేస్తే రోగం పోదు.”

పుస్తకంలో నాకు నిచ్చెనలా కనిపించిన ఆ పొరలు ఆ రోజు చేతికి తగిలాయి.

కొన్నాళ్ళకు నంద్యాల బస్టాండు దగ్గరి ఒక లాడ్జి నుంచి ఫిర్యాదు వచ్చింది. బస చేసినవాళ్ళకు నెట్ నత్తనడక నడుస్తోందట, పైగా బ్యాంకు పేజీలాంటిదేదో వచ్చి పాస్‌వర్డ్ అడుగుతోందట. వేగం పెంచితే సరిపోతుందని మేనేజరు అభిప్రాయం. మేడం వరండాలో ల్యాప్‌టాప్ తెరిచి నన్ను పిలిచారు. గదుల్లోని ఫోన్లన్నీ బయటికి పోవడానికి “గేటు ఎవరు?” అని అడుగుతాయి. జవాబు చెప్పాల్సింది అక్కడ మేం పెట్టిన రౌటర్ పెట్టె. కానీ పై అంతస్తు గదిలోని ఏదో యంత్రం ముందుకొచ్చి “నేనే” అంటోంది. అన్నీ నమ్మి, తమ మాటలన్నీ దాని చేతిలో పెడుతున్నాయి.

“రెండో పొర,” అన్నాను, నాకే ఆశ్చర్యమేసేలా.

“ఆ. ఇప్పుడు గాడిన పడ్తాండావ్ మే,” అని నవ్వారు. ఆ గదిలోని మనిషిని పోలీసులు తీసుకెళ్ళారు. అసలు గేటు తప్ప వేరెవరు “నేనే” అన్నా వినకుండా ఆ సాయంత్రం మేమిద్దరం లాడ్జిలోని నెట్‌వర్క్ స్విచ్‌లన్నీ సరిచేశాం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంజనీరింగ్ సీట్లకు పిల్లలు కాలేజీలు ఎంచుకునే చివరి రోజు ఒక ఎత్తు. మా చుట్టుపక్కల పల్లెల పిల్లలు చాలామంది నెట్ సెంటర్లకే వచ్చి ఆ పని చేసుకుంటారు. ఆ పొద్దున మా నెట్‌వర్క్ ఉన్నట్టుండి కూలబడింది. ఆళ్ళగడ్డ నుంచి నెట్ సెంటర్ మస్తాన్ అన్న ఫోను.

“మేడం, పిల్లోల్లు రోడ్డు దాకా నిలబడుకోనుండారు. సాయంత్రానికి మూసేస్తారంట. ఒక పాప ఏడుస్తాంది. ఏమన్నా చేయండి.”

తెర మీద డేటా రాకపోకలు చూపే గీత పైకప్పును అంటుకుని ఉంది. బయటి నుంచి ఎవరో మా చిరునామా ఒకదాని మీదికి పనికిమాలిన డేటాను వరదలా వదులుతున్నారు. ఓనరు ప్రభాకర్ గారు పరుగున వచ్చి, అన్నీ ఆపేసి మళ్ళీ ఆన్ చేయమన్నారు.

“ఆపితే వాళ్ళ పని మనమే పూర్తి చేసినట్టయితుంది సార్,” అన్నారు మేడం. “దారే నిండిపోయింది. మన గడప కాడ అడ్డుపెట్టి లాభం ల్యాదు. పైనుంచి మనకు నెట్ ఇచ్చేటోళ్ళతోనే ఆపించాల.”

వాళ్ళకు ఫోన్ చేసి, ఏ చిరునామా మీదికి, ఎలాంటి డేటా వస్తోందో స్పష్టంగా చెప్పి అక్కడే వడకట్టించారు. గీత దిగింది. గదిలో చప్పట్లు మోగాయి. అవి ఆగకముందే మస్తాన్ అన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు.

గీత చూస్తే ప్రశాంతంగా ఉంది. మేడం ఎవరి వైపూ కాకుండా నా వైపు తిరిగారు. “యాడ ఆగింది జానకీ?”

కింది నుంచి మొదలుపెట్టాను. తీగ బాగుంది. గేటు మాదే. బయటి సర్వర్ అంకెల చిరునామా కొట్టాను: జవాబు వచ్చింది. అదే సర్వర్‌ను పేరుతో పిలిచాను: రాలేదు.

“మేడం, దారి ఉంది. పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పే మన సర్వర్ పలకడం లేదు. ఈసారి పై పొరలో కొట్టారు.”

“కుర్చీ నీది. చెయ్,” అని ఆవిడ నా వెనక నిలబడ్డారు.

ఆ సర్వర్‌ను లోకంలో లేని పేర్లు అడిగి అడిగి ఊపిరాడకుండా చేస్తున్నారు. చిన్న చిన్న ప్రశ్నలు కాబట్టి గీతలో కనిపించలేదు. అడుగుతున్నవి మా ఖాతాదారుల దుకాణాల్లోని నిఘా కెమెరాలే. కొన్నప్పటి పాస్‌వర్డ్ మార్చకపోవడంతో ఎవరో వాటిని లోబరుచుకున్నారు. ఆ దొంగ పేర్లన్నిటికీ తోక, అంటే చివరి భాగం, ఒకటే. ఆ తోకను అడ్డుకున్నాను. ఒక కనెక్షన్ నుంచి ఇన్ని ప్రశ్నలకు మించి రాకూడదని హద్దు పెట్టాను. ఎంటర్ కొట్టాను.

ఫోన్‌లో మొదట కేకలు వినిపించాయి. తర్వాత మస్తాన్ అన్న గొంతు: “వచ్చింది మేడం! అందరికీ వచ్చింది!”

పొద్దువాలేలోపు ఆళ్ళగడ్డలో వరుసలోని పిల్లలందరి పనీ అయిపోయింది. ఏడ్చిన పాపే ముందు ముగించుకుని వెళ్ళిందట. ప్రభాకర్ గారు రెండు చేతులూ జోడించి సలోమి మేడం దగ్గరికి వచ్చారు. ఆవిడ పక్కకు జరిగి నన్ను ముందుకు నెట్టారు.

“నాక్కాదు సార్. వరదను నేను చూసినా. రెండోది ఈ పిల్ల పట్టింది. అందరి ముందర ఈ పిల్ల పేరు చెప్పండి.”

ఆయన చెప్పారు. ఆఫీసంతా విన్నది. ఆ తర్వాత అందరం ఎదురు హోటల్లో ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. మేడం మొదటిసారి ఆఫీసువాళ్ళ ముందు గొంతెత్తి పాడారు. హోటలాయన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

ఇప్పుడు నా కింద చాలామంది పనిచేస్తున్నారు. మొన్న కర్నూలు కేంద్రం మీదికి ఒక దాడి వస్తే, కొత్తగా చేరిన అవుకు ఊరి అమ్మాయి షాహీన్ దాన్ని పసిగట్టి ఆపింది. కంపెనీ పెద్దలు ఫోన్ చేసి నన్ను మెచ్చుకోబోతే, వాళ్ళను ఒక్క నిమిషం ఆగమని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి షాహీన్ బల్ల మీద ఉంచాను.