ఎంత సైజుతో చూసినవ్?

ఇబ్రహీంపట్నంలో రోజూ ఏడున్నర బస్సెక్కే సంతోషికి 'అంతా మంచిగనే ఉంది' అన్న మాట వింటే ఒళ్లు మండుతుంది. కొప్పులో గుచ్చిన పెన్ను సవరించుకుంటూ, "ఎంత సైజుతో చూసినవ్?" అని నిలదీస్తుంది. ఆదిబట్లలో ఆమె చేసే కొలువు అలాంటిది. అక్కడ ఒకే యంత్రంలో సాఫ్ట్‌వేర్‌తో అల్లిన వంద ఉత్తుత్తి కంప్యూటర్లు నడుస్తాయి, ఒక్కోదానికి ఒక ఉత్తుత్తి నెట్‌వర్క్ కార్డు. ఆమె బాపు బుగ్గయ్య వలలో చిన్న చేపలు జారిపోయి పెద్దవి చిక్కుతాయి. ఈ కార్డుది ఉల్టా వ్యవహారం. సమాచారం మోసుకొచ్చే చిన్న ప్యాకెట్లను అందుకుంటుంది, వచ్చినదాన్ని దించుకునే తన బఫర్‌లో పట్టని పెద్దవాటిని చప్పుడు లేకుండా పారేస్తుంది.

పది రోజులుగా ఆ కంప్యూటర్లలో ఒకదాన్ని వాడే దవాఖానకు రోగుల పేర్లు చేరుతున్నాయి, స్కానింగ్ బొమ్మలు చేరడం లేదు. పంపేవైపు ప్యాకెట్ సైజు తొమ్మిది వేల బైట్లు, అందుకునేవైపు కార్డులో పట్టేది పదిహేను వందలే అని సంతోషి మేనేజరుకు మూడు మెయిళ్లు రాసింది. ఈ రోజు మీటింగులో మేనేజరు రాజశేఖర్ నవ్వుతూ, "పింగ్ పోతున్నది గదమ్మా, నెట్‌వర్క్ మంచిగనే ఉన్నది" అన్నాడు.

సంతోషి లేచి నిలబడింది. "పింగ్ అంటే 'ఉన్నవా' అని పిలుసుడు సార్. అరవై నాలుగు బైట్లు. గది యాడికైనా పోతది."

"గీ మాట ముందుగాలనే చెప్పాలె గదా!"

ఆమె కొప్పులోంచి పెన్ను లాగి బల్ల మీద కొట్టింది. "మూడుసార్లు చెప్పిన. పొద్దుగాల గుడ్ మార్నింగ్ అంటే మీకు అందుతది, పని మాట చెప్తే అందది. గా కార్డు సైజు నేను పెంచుత. మీది ఎవలు పెంచాలె సార్?"